పులుసులో తలకాయ ఎవరికి?

ఒక చేప తలకాయ కోసం ఏడుగురున్న మా కుటుంబంలో ఆరుగురిని నేను ఒకే పూట మూలన పడేశాను. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. వృత్తిరీత్యా నేను మత్తుమందు డాక్టర్ని. మనుషుల్ని ఒక పద్ధతి ప్రకారం పడుకోబెట్టడం, అదే పద్ధతిలో లేపడం నా ఉద్యోగం. ఆ శుక్రవారం మాత్రం ఏ పద్ధతీ లేదు, పడుకోవడానికి కూడా ఎవరికీ తీరిక దొరకలేదు. ఇది చదివాక మీరు నన్ను ఛీ అనుకున్నా నేనేమీ అనుకోను. మా ఆవిడ 2014 నుంచీ ఆ పని మీదే ఉంది.

ముందు మనుషుల్ని చెబుతాను. మేం లీడ్స్‌లో ఉంటాం. నేను, నా భార్య సుజాత, అప్పటికి తొమ్మిదేళ్ళున్న మా అమ్మాయి మేఘన. సుజాత చెల్లెలు లలిత లండన్ పక్కన హౌన్స్‌లోలో ఉంటుంది. ఆమె భర్త రాఘవకి విమానాశ్రయం దగ్గర సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం, వాళ్ళకొక బాబు. ఇక మా అత్తగారు. మామగారు పోయిన తర్వాత ఆవిడ ప్రతి వేసవిలోనూ భీమవరం నుంచి వచ్చి, ఇద్దరు కూతుళ్ళ దగ్గరా సమానంగా గడిపి వెళ్ళేవారు. రోజులు సమానమే. మిగతావి సమానం కాదని నా అభియోగం.

ప్రతి జూలైలో వారం రోజులు మేమందరం కలిసి స్కాట్లాండ్ వెళ్ళేవాళ్ళం. టే నదిలో కలిసే ఒక చిన్న ఏటి ఒడ్డున కాటేజీ తీసుకుని చేపలు పట్టేవాళ్ళం. ఈ ఆలోచన నాది. కాటేజీ వెతికింది నేను, హాస్పిటల్లో డ్యూటీల రోటా తయారుచేసే ఆవిడని ఆరు నెలల ముందు నుంచీ బతిమాలి సెలవు సంపాదించింది నేను. ఈ సంగతి మీరైనా గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు.

ఆ ఏటికి అలెక్ అనే పెద్దాయన కాపలా. అటువంటివాళ్ళని అక్కడ గిల్లీ అంటారు. చేప ఎక్కడ ఉంటుందో చూపించడం, తప్పు చేస్తే గదమడం ఆయన పని. ఆయనవి రెండే నియమాలు. గాలానికి ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను తగిలించాలే తప్ప నిజమైన ఎర ఏదీ వాడకూడదు. పట్టిన చేపల్ని పట్టినట్టే నీళ్ళలోకి వదిలేయాలి, వారం మొత్తానికి ఒక్క ట్రౌట్ చేపను మాత్రం వంటకి తీసుకెళ్ళొచ్చు. అందుకని మేం కూడా ఒక నియమం పెట్టుకున్నాం. చివరి రోజైన శుక్రవారం పడిన మొదటి చేప వంటకి. ఆ రాత్రి భోజనంలో అత్తగారి చేతి పులుసు.

ఇక్కడ మీరు గోదావరి జిల్లాల వాళ్ళయితే ఈ పేరా వదిలేయండి, మీకు తెలిసిందే. మా వైపు పులుసులో తలకాయ ముక్క ఊరికే ఎవరి కంచంలోనూ పడదు. అది ముక్క కాదు, పదవి. వండిన మనిషి గరిటెతో దాన్ని జాగ్రత్తగా పైకి తీసి, చుట్టూ ఒకసారి చూసి, ఆ పూట ఇంట్లో ఎవరు గొప్పో వాళ్ళ కంచంలో పెడుతుంది. మా అత్తగారి లెక్కలో చేప పట్టిన అల్లుడిదే తలకాయ. మూడేళ్ళు వరసగా చేప పట్టిన అల్లుడు రాఘవ.

రాఘవది అనంతపురం జిల్లా. బిందెడు నీళ్ళ కోసం అరమైలు నడవాల్సిన ఊరు వాళ్ళది. మొదటి ఏడాది అలెక్ అతని చేతిలో గాలం పెట్టి, ఎలా విసరాలో ఒకసారి చూపించాడు. పది నిమిషాల్లో అతని గాలానికి ట్రౌట్ పడింది. నాది రాజోలు దగ్గర ఊరు. ఇంటి వెనకే పంటకాలవ. నడక రాకముందే నాకు గాలం వేయడం వచ్చునని పెళ్ళిచూపుల్లోనే చెప్పినవాణ్ణి. ఆ వారం రోజుల్లో నాకు పడింది ఒక చెట్టుకొమ్మ, అలెక్ టోపీ.

ఎలా పట్టావని అడిగితే రాఘవ సిగ్గుపడేవాడు. "నాకేం తెల్దన్నా. అట్ల వేసినా, ఇట్ల వచ్చేసింది" అనేవాడు. ఆ వినయం చూస్తే నాకు ఒళ్ళు మండేది. కాస్త గొప్పలు చెప్పుకుంటే మనం తిట్టుకోవడానికైనా వీలుంటుంది. అతను అదీ చేయడు.

రెండో ఏడు కూడా అంతే. మూడో ఏడు కూడా అంతే. అత్తగారు భీమవరంలో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేసి, మా చిన్నల్లుడిది మంచి హస్తవాసండీ, ఏట్లో చేయి పెడితే చేపే, అని చెబుతుంటే నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ విన్నాను. పెద్దల్లుడి సంగతేమిటని అవతల అడిగినట్టున్నారు. "ఆయనకేవండీ, పెద్ద డాక్టరు" అని మాట మార్చేశారు. నేను మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడతపెట్టాను. నా మొహం అప్పుడు చూసిన మేఘన, తను పుట్టిపెరిగిన లీడ్స్ ఇంగ్లీషులో, చాలా మామూలుగా ఒక ప్రశ్న అడిగింది. "నాన్నా, ఆర్ యూ జెలస్ ఆఫ్ బాబాయ్?" నేను లేదన్నాను. పిల్లలకి అబద్ధం చెప్పకూడదని తెలిసే చెప్పాను.

నాకు ఎంత అసూయగా ఉండేదో ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేదు. ఆపరేషన్ థియేటర్లో రోగికి మత్తు ఎక్కుతుంటే నా కళ్ళ ముందు రాఘవ కంచంలో చేప తలకాయ కనిపించేది. మూడేళ్ళూ నా వంతు తోక. తోక ముక్కలో మనిషికి మిగిలేది ముల్లే.

నాలుగో ఏడు వెళ్ళబోయే ముందు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన ఎర వేస్తే కాలవలో చేపలు తోసుకుంటూ వచ్చేవి. ఆ ఎర ఎలా చేయాలో నాకు తెలుసు. తవుడు, బియ్యప్పిండి, ఎండు రొయ్యల పొడి, చిటికెడు ఇంగువ. వీటిని ఆముదంతో కలిపి ముద్ద చేయాలి. ఆముదం ఉంటే ముద్ద నీళ్ళలో త్వరగా కరగదు. ఆముదం ఎంత పోయాలో తాతయ్య చెప్పలేదు, నేనూ అడగలేదు. సుజాత మేఘనని ఈతకి తీసుకెళ్ళిన ఒక పూట వంటింటి తలుపేసుకుని, రాఘవని తలుచుకుంటూ పిండి కలిపాను. తలుచుకున్న కొద్దీ చేయి ధారాళమై, మందుల షాపులో కొన్న సీసాలో సగం దాకా వంచేశాను.

ఎర నిషిద్ధమని నాకు తెలియక కాదు. బఠాణీ గింజంత ముద్దని ఆ ఉత్తుత్తి ఈగ కింద అంటిస్తే అలెక్‌కి కనపడదని నా పథకం. ఒక్క శుక్రవారం, ఒక్క చేప, ఒక్క తలకాయ. ఆ తర్వాత జీవితాంతం నిజాయితీగా బతుకుతానని నాకు నేనే మాటిచ్చుకున్నాను.

ఆ పిండిని ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. మూత మీద మా మామగారి పేరు చెక్కి ఉన్న డబ్బా అది, మా పెళ్ళికి అత్తగారు ఇచ్చిన సామాన్లలోది. ఇంట్లో గట్టి మూత ఉన్నది అదొక్కటే. శనివారం కాటేజీకి చేరగానే అందరికంటే ముందు వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌లో అడుగు అరలో వెనక్కి తోశాను. తలెత్తి చూస్తే అత్తగారు నిలబడి ఉన్నారు. భర్త పేరున్న డబ్బా, ఆవిడ కంటికి ఆనకుండా ఎలా ఉంటుంది?

"ఇదేంటండీ బాబూ ఈ డబ్బాలో?" అన్నారు.

పదిహేనేళ్ళుగా రోగుల దగ్గర అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చింది. "మందండీ."

"మందా? ఎవరికండీ?"

"మనందరికీనండీ. శుక్రవారం పొద్దున పనికొస్తుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి, ఏం?"

ఆవిడ డబ్బా మూత కొద్దిగా ఎత్తి, ఒకసారి వాసన చూసి, మళ్ళీ పెట్టేశారు. నా వైపు చూసిన చూపులో గౌరవం కనిపించింది. ఆ ఇంట్లో నాకు గౌరవం కనిపించడం అరుదు కాబట్టి దాని వెనక ఏముందో ఆలోచించలేదు. ఆ తర్వాత ఆ మాట అన్నట్టు కూడా మరిచిపోయాను.

ఆదివారం నుంచి గురువారం దాకా జరిగింది క్లుప్తంగా చెబుతాను. రాఘవ నాలుగు చేపలు పట్టి వదిలాడు. నాకు జలుబు పట్టింది. ఆ ఏటి ఒడ్డున కంటికి కనపడనంత చిన్న దోమలు ఉంటాయి, అవి మాత్రం నన్నే ఎంచుకున్నాయి. అలెక్ రాఘవకి తన సొంత పెట్టెలోంచి ఒక ఈగని తీసి బహుమతిగా ఇచ్చాడు. నాకు దోమల మందు ఇచ్చాడు. పరవాలేదు, శుక్రవారం రానీ, అనుకున్నాను.

గురువారం సాయంత్రం నేను ఏటి దగ్గర నుంచి కాస్త ఆలస్యంగా వచ్చాను. మర్నాడు ఎక్కడ నిలబడాలో చూసుకుని వచ్చాను. తలుపు తీయగానే వేయించిన ఎండు రొయ్యల వాసన. చిన్నప్పుడు వాన సాయంత్రాల్లో మా ఇంట్లో వచ్చిన వాసన. టేబుల్ చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు, మధ్యలో పళ్ళెం నిండా ఎర్రగా వేగిన రొయ్య వడలు. ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు అన్నీ పడ్డాయి. అత్తగారు పొయ్యి దగ్గర నుంచి వేడివేడిగా తెచ్చి వడ్డిస్తున్నారు. గురువారం ఆవిడ నీచు ముట్టరు, రుచి కూడా చూడరు. వండి పెట్టడం మాత్రం ఆపరు.

రాఘవ కంచంలో తొమ్మిది వడలున్నాయి. నేను ఎప్పుడూ అబద్ధం చెప్పే మనిషినే గానీ ఈ అంకె మాత్రం నిజం, ఒక్కొక్కటీ పడుతుంటే లెక్కపెట్టాను. వద్దంటున్నా వేశారు. "మీరు తినాలండీ బాబూ, కొద్దిగా ఒళ్ళు చేశారు" అంటూ వేశారు. ఒళ్ళు చేసినవాడికి ఇంకా పెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. సుజాతకి నాలుగు, లలితకి నాలుగు, పిల్లలకి సగం సగం. నా కంచంలో రెండు.

తిన్నాను. అద్భుతంగా ఉన్నాయి. ఇంకోటి కావాలని కంచం జరిపాను.

"మీకు చాలండీ" అన్నారు అత్తగారు. "మీరు సన్నగా ఉంటారు. రెండే సరిపోతాయి."

మీరే చెప్పండి. సన్నగా ఉన్నవాడికి రెండు, లావుగా ఉన్నవాడికి తొమ్మిది. ప్రపంచంలో ఏ అత్తగారైనా ఇలా వడ్డిస్తుందా? నా కడుపు మండిపోయింది. తలకాయ సరే, చేప పట్టలేదు కాబట్టి రాలేదు. వడలకి కూడా అర్హత పరీక్ష ఉందా? అత్తగారు పిల్లల చేతులు కడిగించడానికి వెళ్ళిన సమయం చూసి వంటింట్లోకి దూరాను. పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నెలో ఇంకా ఉన్నాయి. నిలబడే ఐదు తిన్నాను. రాఘవ మీద కసితో తిన్నాను కాబట్టి రుచి రెట్టింపైంది.

ఐదోది నములుతూ, మర్నాటికి ఎర సిద్ధంగా ఉందో లేదో చూసుకుందామని ఫ్రిజ్ తెరిచాను. అడుగు అర ఖాళీగా ఉంది. పక్కకి చూశాను. సింకు పక్కన, శుభ్రంగా తోమి బోర్లించిన స్టీలు డబ్బా. దాని పక్కనే మామగారి పేరున్న మూత.

నోట్లో వడ అలాగే ఉండిపోయింది. తవుడు, బియ్యప్పిండి, రొయ్యల పొడి, ఇంగువ. వాటితోపాటు అరసీసా ఆముదం. ఆముదం కడుపులో పడితే ఎన్ని గంటలకి ఏమవుతుందో వైద్యం చదివిన వాడికి వేరే చెప్పక్కర్లేదు. ఎవరెన్ని తిన్నారో లెక్క కూడా నా దగ్గరే ఉంది, అసూయతో పెట్టిన లెక్క. రాఘవ తొమ్మిది. నేను రెండు, దొంగతనంగా ఐదు.

అప్పుడే బయటికెళ్ళి నిజం చెప్పేయాల్సింది. చెబితే ఎర సంగతి బయటపడుతుంది, ఎర సంగతి చెబితే ఎందుకు చేశానో చెప్పాలి, ఎందుకో చెబితే రాఘవ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అత్తగారు పొరపాటున వాడేశారని, ఏదో వంటపిండి అనుకున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. టేబుల్ దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాను. ఏమైంది, అలా ఉన్నారేం, అని సుజాత అడిగింది. ఏమీ లేదన్నాను. అందరికీ రెండేసి గ్లాసుల నీళ్ళు తాగమని మాత్రం సలహా ఇచ్చాను. డాక్టరు కదా, తాగారు.

శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగిందో వివరంగా రాస్తే మీరు ఈ పేజీ తిప్పేస్తారు. ఒక్క మాట చాలు, ఆ కాటేజీలో బాత్రూమ్ ఒకటే. ఆరుగురం వరండాలో వరసగా నిలబడ్డాం. లలిత తలుపు కొడుతోంది, లోపల సుజాత పలకడం లేదు, పిల్లలిద్దరికీ పెద్దవాళ్ళు దారి వదలాల్సి వచ్చింది. రాఘవ ఒకసారి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వరసలో చివర నిలబడటం నేను ఐదుసార్లు చూశాను. ఆముదం తాగిన మొహం అంటారే, అలాంటివి ఆరు ఒకే వరండాలో కనిపించాయి. అత్తగారు ఒక్కరే హాయిగా ఉన్నారు. అందరికీ వేడినీళ్ళు ఇస్తూ, కంగారుపడకండి, పోనివ్వండి, ఒంటికి మంచిదే, అంటూ తిరిగారు. పెద్దావిడ ధైర్యం చెబుతున్నారనుకున్నాను.

అంత బాధలోనూ రాఘవ పదిన్నరకి ఏటికి బయల్దేరాడు. అతను వెళుతుంటే నేను ఆగుతానా? ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగులు తొడుక్కుని, భుజాల మీద పట్టీలు బిగించుకుని ఇద్దరం నడుంలోతు నీళ్ళలో దిగాం. ఆ లాగుని విప్పడానికి తీరిగ్గా కూర్చుంటే మూడు నిమిషాలు పడుతుంది. ఈ సంగతి నేను దిగాక గుర్తుకు తెచ్చుకున్నాను.

రాఘవ మూడుసార్లు గాలం విసిరాడు. మూడోసారి విసిరి అలాగే బిగుసుకుపోయాడు. నా వైపు చూసిన కళ్ళలో దీనత్వం ఉంది. "అన్నా, కొంచెం పట్టుకో" అని తన గాలం కర్ర నా చేతిలో పెట్టి, నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డెక్కి, ఆ రబ్బరు లాగుతోనే పొలాలకి అడ్డం పడి పరుగెత్తాడు. మేస్తున్న గొర్రెలు రెండు వైపులకీ విడిపోయి దారిచ్చాయి. నా కర్రని ఒడ్డుకి విసిరేసి, అతనిది పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు పడింది. కర్ర వంగిపోయి చేతుల్లో గింజుకుంటోంది. నాలుగేళ్ళలో మొదటిసారి నా చేతికి చేప బరువు తెలిసింది. ఎర లేదు, మోసం లేదు. రాఘవ కర్ర, రాఘవ ఈగ, రాఘవ విసురు. అయినా సరే, పడినప్పుడు కర్ర ఎవరి చేతిలో ఉంటే చేప వాళ్ళదేనని అలెక్ ఒడ్డు మీద నుంచి అరిచాడు. సరిగ్గా ఆ అరుపుకే నా కడుపులో కూడా కదలిక మొదలైంది.

ఇక్కడ మీరు నా పరిస్థితి ఆలోచించాలి. చేప ఒక వైపు లాగుతోంది, కడుపు ఇంకో వైపు లాగుతోంది. కర్ర వదిలేస్తే తలకాయ పోతుంది. వదలకపోతే పరువు పోతుంది. పళ్ళు బిగించి, కనీసం ఐదు నిమిషాలు, ఊపిరి కూడా సగమే తీసుకుంటూ చేపని లాగాను. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. అలెక్ వలతో చేపని ఎత్తి, శభాష్ డాక్టర్ అంటూ కరచాలనానికి చేయి చాచేసరికి నేను గొర్రెల మధ్యలో ఉన్నాను. చేప పట్టి అంతగా చలించిపోయిన మనిషిని తన జీవితంలో చూడలేదని ఆయన తర్వాత మా వాళ్ళకి చెప్పాడట. లాగు విషయంలో నేను గెలిచానా ఓడానా అన్నది నాకూ ఆ రబ్బరు లాగుకీ మధ్య విషయం.

సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. అత్తగారు పథ్యమని అందరికీ మిరియాల చారు పెట్టి మెత్తగా అన్నం వండారు. నేను మాత్రం చారు వద్దన్నాను. ప్రాణం పోయినా సరే, పులుసే తింటానన్నాను. మూరెడు ట్రౌట్, చింతపండు పులుసులో ఎర్రగా తేలుతోంది. అత్తగారు గరిటె పెట్టారు. తలకాయని జాగ్రత్తగా పైకి తీశారు. చుట్టూ ఒకసారి చూశారు. తెచ్చి నా కంచంలో పెట్టారు.

మేఘన చప్పట్లు కొట్టింది. రాఘవ, పాపం, నీరసంగా ఉన్నా మనస్ఫూర్తిగా నవ్వి, నువ్వే పట్టాల్సిన చేప అన్నా అది, అన్నాడు. నేను తలకాయ మీద చేయి వేశాను.

"ఈసారి తలకాయ పెద్దల్లుడిగారిదేనండీ" అన్నారు అత్తగారు, అందరికీ వినపడేలా. "చేప పట్టారని ఒక్కటే కాదు. ఇంటిల్లిపాదికీ ఆముదం పట్టించాలని ఏ డాక్టరుకి తోస్తుందండీ ఈ రోజుల్లో?"

సుజాత చారు గిన్నె కింద పెట్టింది.

"ఆముదమా?" అంది.

"అవునే. మా చిన్నప్పుడు ఏడాదికోసారి మా అమ్మ అందరికీ పట్టించేది, కడుపు శుభ్రపడాలని. ఈయన ముద్దలు చేసి డబ్బాలో పట్టుకొచ్చారు, శుక్రవారం పొద్దునకి పనిచేయాలన్నారు. మరి ముందురోజే పడాలి కదా. ఊరికే మింగమంటే ఎవరు మింగుతారని నేనే వేయించి పెట్టాను. ఎవరికెంత కావాలో ఒళ్ళు చూసి వేశాను. ఈయన సన్నంగా ఉంటారని రెండే వేశాను."

అదీ సంగతి. నేను ఈర్ష్యపడ్డ ఆ తొమ్మిది వడలూ మోతాదు. ప్రేమతో కాదు, వైద్యంతో వడ్డించారు. నేను దొంగతనంగా తిన్నది కూడా అదే.

అప్పటికీ బయటపడే దారి ఉంది. అవును, అందరి ఆరోగ్యం కోసమే, అని గంభీరంగా తలూపాను. సుజాత నమ్మేదే. కానీ రాఘవ ఆలోచిస్తూ ఉండిపోయాడు. చేపల మనిషి కదా.

"ఆముదంలోకి రొయ్యల పొడి ఎందుకన్నా?" అన్నాడు మెల్లగా. "తవుడు కూడా తగిలింది పంటికి. అన్నా... అది ఎర కదా?"

నేను పులుసులోకి చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడకి నన్ను చదవడానికి పెద్దగా టైము పట్టదు. మూడేళ్ళ తోక ముక్కలు, మడతపెట్టిన చొక్కాలు, అన్నీ ఆమె లెక్కలో ఉన్నట్టున్నాయి. లేచి వచ్చి, నా కంచంలోంచి తలకాయని తీసి, రాఘవ కంచంలో పెట్టి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

రాఘవ దాన్ని చూశాడు. తలకాయ అతన్ని చూసింది. అతని మొహంలో మూడేళ్ళుగా దాచుకున్నదేదో కదిలింది.

"అన్నా, ఒక మాట చెప్తా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా వైపు చేపలే తక్కువ. ఈ తలకాయ అంటే నాకు చచ్చేంత భయం. కండ్లు చూస్తాంటాయి. అత్తమ్మ బాధపడతారని మూడేండ్లు కళ్ళు మూసుకొని మింగినా. నీకు తోక వేస్తాంటే, అబ్బ, అన్న ఎంత అదృష్టవంతుడు అనుకుంటా ఉంటి."

నేను దేనికోసం రెండు వంశాల కడుపులు కడిగేశానో దాన్ని అతను మింగలేక ఏడ్చాడు. ఇంతకంటే వివరంగా నేను చెప్పలేను.

అత్తగారు లేచారు. తొందరేమీ లేకుండా వచ్చి రాఘవ కంచంలోంచి తలకాయని తన కంచంలోకి తీసుకుని, కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. పులుసు కలుపుకున్నారు. కన్ను దగ్గర కండ, బుగ్గ దగ్గర కండ, ఒక్కొక్కటే విడదీసి, చివరికి మూలుగ దాకా, అక్కడ తలకాయ ఉండేదన్న గుర్తు కూడా లేకుండా తిన్నారు. మేమంతా చూస్తూ కూర్చున్నాం.

"మీ మామయ్యగారు తలకాయ ఎప్పుడూ ఆయన తినేవారు కాదండీ" అన్నారు చేయి కడుక్కుంటూ. "నా కంచంలో వేసేవారు. ఆయన పోయాక మళ్ళీ ఇదే తినడం."

నాలుగేళ్ళుగా ఒకడు దానికోసం కుళ్ళిపోయాడు, ఒకడు దాన్ని చూసి వణికిపోయాడు. వండిన మనిషికి ఇష్టమేమోనని అల్లుళ్ళం ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. నాకు ఆ స్టూలు వైపు చూడాలంటే సిగ్గేసింది. శనివారం ఉదయం బయల్దేరే ముందు అలెక్ దగ్గరికి వెళ్ళి ఎర సంగతి కూడా ఒప్పేసుకున్నాను. ఆయన చాలాసేపు నవ్వి, ఆ వడలు ఇంకా ఏమైనా మిగిలాయా, తమ ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి పెట్టాల్సిన అవసరం ఉంది, అని అడిగాడు.

ఆ తర్వాత కూడా ఐదేళ్ళు వెళ్ళాం. చేప ఎవరు పట్టినా తలకాయ అత్తగారిదే, అది ఇప్పుడు మా ఇంటి చట్టం. కాబట్టి పాఠకులారా, ఆ కాటేజీ బాత్రూమ్ తలుపు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎర అన్న వస్తువుని ఇక చేత్తో తాకను. హాస్పిటల్ గేటు దాటి బయటికొచ్చాక మందు అన్న మాట పలకను. ఇతరుల కంచంలో ఏం పడిందో, ఎన్ని పడ్డాయో ఈ జన్మలో లెక్కపెట్టను.

తలకాయ పోను, తోక నాకూ రాఘవకీ చెరిసగం వస్తోంది. ఎటొచ్చీ, అతని సగం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది.